పై వరస ఇళ్ళ కోసం ప్రార్థన

మా శుక్రవారం కూడికలో మనవి ఉన్నవాళ్ళు ముందుగా చేయి ఎత్తాలి. పాస్టరు అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆమె చాప మీద మధ్యలో కూర్చుని, లేచిన చేతులను చూసి ఒక్కొక్కరినే పిలుస్తుంది. పిలిచినవాళ్ళు తమ బాధ చెప్పుకుంటారు. ఒకరి మనవిని ఇంకొకరు తీసుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేస్తారు. ఆళ్ళగడ్డలో ఈ వీధికి కాపురానికి వచ్చినప్పటి నుంచి నా చేయి లేవని శుక్రవారం లేదు. నా మనవులు పొడుగని అమ్మగారు నన్ను ఆఖరున పిలుస్తుంది.

నా భర్త నతానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఆయన బస్సు కింద పడుకుని పని చేసేటప్పుడు జాకీ జారకూడదు. మా ఒక్కగానొక్క కొడుకు తిమోతి మోటారు సైకిలు మీద నంద్యాలకు మీటింగులకు పోతాడు. శిరివెళ్ళ దాటేటప్పుడు లారీల మధ్య వాడికి ఏమీ కాకూడదు. గ్యాసు పైపు కొరికే ఎలుక ఒకటి ఇంట్లో తిరుగుతోంది, అది చావాలి. ఇలాంటివే నా మనవులు. నతానియేలు వీటికి నవ్వుతాడు. "నేను డ్యూటీకి పోయి తిరిగొచ్చే లోపల మీయమ్మ నన్ను ఎన్నిసార్లు సంపి ఎన్నిసార్లు లేపుతాదో" అని కొడుకుతో అంటాడు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. తిమోతి మాత్రం ఇంజనీరింగు చదివి, పరీక్ష రాసి, వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ అయ్యాడు. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవచ్చో, రోడ్డుకు ఎంత వదలాలో, వాన నీళ్ళు పారే వంకను ఎవరు పూడ్చారో చూడటం వాడి పని. టేపు చేత పట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో మడిచిన మ్యాపు చంకలో పెట్టుకుని ఎండలో తిరుగుతాడు. ఆ మ్యాపును ఒకసారి మా వంటింట్లో పరిచి చూపించాడు. ఊరికి తూర్పున, నల్లమల మొదలయ్యేచోట నక్కలగుట్ట ఉంది. ఇల్లు లేనివాళ్ళకు దాని వాలు మీద స్థలాలు ఇస్తున్నారు. మెట్లు కట్టినట్టు ఒకదాని పైన ఒకటి వరసలు. అన్నిటికన్నా పైన, గుట్టకు ఆనుకుని ఉన్న వరసలో ఒక గడి మీద గోరు పెట్టి, "ఇదే హన్నమ్మత్తది" అన్నాడు. వాడి ముఖంలో సంతోషం కనిపించింది. చిన్నప్పుడు బడిలో వాడికి పప్పు రెండోసారి వేసింది హన్నమ్మే.

హన్నమ్మ మా చర్చి ఊడుస్తుంది. మధ్యాహ్నం హైస్కూల్లో పిల్లలకు వంట చేస్తుంది. మొగుడు మోషే పోయినప్పటి నుంచి పాత బస్టాండు వెనక ఒక రేకుల గదిలో బాడుగకు ఉంటోంది. ఆ గది పడగొట్టి అంగళ్ళు కడతామని, వానలు పడే లోపల ఖాళీ చేయాలని బాడుగకిచ్చినవాళ్ళు చెప్పేశారు. అందుకే పట్టా చేతికి రాగానే హన్నమ్మ ఆగలేదు. బేతంచెర్ల వైపు నుంచి రాయి తెప్పించి, పునాది తీయించి, బేస్మట్టం వరకు లేపింది. అక్కడి నుంచి బడికి నడిచి పోవచ్చు, చర్చికి నడిచి రావచ్చు. ఆమెకు కావలసింది అంతే.

"పొద్దున లేచి తలుపు తీస్తే ఊరంతా కిందుంటాది అక్కా" అంది ఒకరోజు.

"ఎత్తు మీద గాలి ఎక్కువ. రేకులు లేచిపోతాయేమో సూసుకో" అన్నాను.

ఆమె నవ్వింది. "నీ నోట మంచి మాట రావాలంటే దానికీ ప్రార్థన పెట్టాల."

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం తిమోతి అన్నం ముందు కూర్చోగానే ఫోను వచ్చింది. లేచి వసారాలోకి పోయాడు. వాడి గొంతు పెరిగితే నా చెవులు వాటంతటవే అటు తిరుగుతాయి.

"పై వరస వెనకాల ఏమీ లేకపోతే గుట్ట మీది నీళ్ళన్నీ ఇండ్లల్లోకే దిగుతాయి సార్. రేపు ఏదన్నా అయితే సంతకం పెట్టినోన్ని నేనే గదా."

అంతవరకే విన్నాను. వాడు గేటు తీసి వీధిలోకి పోయాడు. తిరిగి వచ్చి చల్లారిన అన్నం తిన్నాడు. ఏమిటని నేను అడగలేదు. అడిగితే "నీకెందుకు మా, ఇవన్నీ" అంటాడు, అంతకు మించి చెప్పడు. తెల్లారేసరికి నా తలలో ఇళ్ళన్నీ కూలిపోయాయి. పోలీసులు మా గేటు ముందుకు వచ్చారు. వాడి ఫోటో పేపర్లో పడింది, అది కూడా ఉద్యోగంలో చేరేటప్పుడు తీయించుకున్న మంచి ఫోటో.

ఆ శుక్రవారం నేను అందరికంటే ముందు చేయి ఎత్తాను. హన్నమ్మ రాలేదు. బేస్మట్టం తడపడానికి గుట్ట దగ్గరికి పోయిందని ఎవరో చెప్పారు. అమ్మగారు నా పేరు పిలిచింది.

"మావాడు సంతకం పెట్టిన గుట్ట లేఅవుట్‌లో పై వరసకు నీళ్ళ గండం ఉందమ్మగారూ. రేపు వానలకు ఆ ఇండ్లు పడిపోతే కేసు మావాడి మీదికొస్తాది. ప్రభువు నా బిడ్డను కాపాడాలని ప్రార్థన చేయండి."

చెబుతూనే ఏడ్చాను. అందరూ అయ్యో అన్నారు. ఆ ఇళ్ళలో పడుకోబోయేవాళ్ళ గురించి నా మనవిలో ఒక్క ముక్క లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

నా మనవిని ఎలిజబెత్ టీచరమ్మ తీసుకుంది. ఆమె రిటైరయ్యింది కానీ గొంతు ఇంకా బడిలోనే ఉంది. ప్రార్థన మొదలుపెడితే ఆమె కళ్ళ ముందు అంతా జరుగుతున్నట్టే చెబుతుంది. "ప్రభువా, ఆ గుట్ట మీది నుంచి దొర్లి వచ్చే బండలకు నీ చేయి అడ్డం పెట్టు తండ్రీ. నిద్రలో ఉన్న పసిబిడ్డల మీద అవి పడకుండా ఆపు. తెలిసి కూడా తప్పుడు చోట స్థలాలు పంచినవారి కళ్ళు తెరువు."

నేను ఒక కన్ను తెరిచి చూశాను. బండల మాట నేను అనలేదు. పసిబిడ్డల మాటా అనలేదు. కానీ ఆమె నోట వినగానే ఆ బండలు నాకూ కనిపించాయి. ఆమెన్ అన్నాను, అందరికంటే గట్టిగా.

తర్వాత టీ తాగి, బొరుగులు తిని, ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. నా బరువు దిగినట్టుగా ఉంది. ఆ బరువు వేరే ఎవరి మీద పెట్టి వచ్చానో నాకు తెలియదు.

మళ్ళీ వారం మొదట్లో కందిపప్పు కోసం సుబ్బలక్ష్మి అంగడికి వెళ్ళాను. వాళ్ళది రెండు వాకిళ్ళ అంగడి. ఒక వైపు ఆమె పప్పు ఉప్పు అమ్ముతుంది, రెండో వైపు ఆమె భర్త ఇనుము, సిమెంటు అమ్ముతాడు. నన్ను చూడగానే తూకం ఆపింది.

"ఎంత గండం తప్పింది సలోమమ్మా. ముందే తెలిసింది కాబట్టి సరిపోయింది."

"ఏందీ?"

"గుట్ట మీది ఇండ్లు. ఇంజనీర్లు పోయి సూసినారంట గదా, పైన బండలు కదిలినాయంట. పొద్దున్నుంచి పై వరసోళ్ళు సిమెంటు వాపసు తీసుకోమని మా ఆయన పానం తీస్తాండారు. సగం మూటలు గట్టిబడిపోయినాయి. దుడ్లు ఎట్లా వాపసు ఇస్తాము?"

"ఎవరు చెప్పినారు ఆ మాట?"

ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. "మీరే గదా. ప్లానింగ్ సెక్రటరీ వాళ్ళమ్మే ఏడ్సుకుంటా చెప్పిందంటే ఇంగ అనుమానం ఏముంది?"

పప్పు తీసుకున్నానో లేదో గుర్తు లేదు. ఇంటికి వచ్చి చూస్తే సంచి ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం తిమోతి బండి శబ్దం వీధి మొగలోనే గుర్తుపట్టాను. లోపలికి వచ్చి చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"మా, నా ఫోను వింటివా?"

"వినాలని వినల్యా నాయనా. గట్టిగా మాట్లాడతాంటివి."

"ఎంతవరకు వింటివి?"

"సంతకం పెట్టినోన్ని నేనే అన్నంత వరకు."

వాడు నుదురు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "ఆ తర్వాత మాట్లాడింది అంతా గోడ సంగతే. పై వరస వెనకాల రాతిగోడ కట్టాల, దాని ఎంబడి కాలువ తీయాల, అది కట్టించేంత వరకు నేను ఒప్పుకోనని సార్‌తో కొట్లాడతాంటి. వీధిలోకి పోయినాక సారు సరే అన్నాడు. గోడ మంజూరయ్యింది మా. కొలతలు కూడా వేసొచ్చినాము."

"నాకు చెప్పకపోతివి గదా."

"నువ్వు అడగకపోతివి గదా. దేవున్ని అడుగుతివి, ఎలిజబెత్ టీచరమ్మను అడుగుతివి, ఊరినంతా అడుగుతివి. ఎదురుగా కూర్చుని అన్నం తింటాండే నన్ను అడగకపోతివి."

నతానియేలు ఎప్పుడూ మధ్యలో ఏదో ఒక ఎగతాళి మాట వేస్తాడు. ఆ రోజు వేయలేదు. డిపో నుంచి తెచ్చిన గ్రీసు చేతులను సబ్బు పెట్టి చాలాసేపు కడుక్కుంటూ కుళాయి దగ్గరే ఉండిపోయాడు.

తిమోతి చెప్పిందాన్ని బట్టి సంగతి ఇంకా ముదిరింది. పై వరసవాళ్ళు చాలామంది మాకా స్థలాలు వద్దని ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. గుట్ట మీద ఇళ్ళు రావడం మొదటి నుంచీ ఇష్టం లేనివాళ్ళు కొందరు వాళ్ళ వెనక చేరారు. నంద్యాల నుంచి వీళ్ళ పై అధికారి జనార్దనం సారు వస్తున్నాడు. హైస్కూలు వరండాలో సభ పెట్టి, అందరి మాట విని, పై వరస ఉంచాలా తీసేయాలా తేల్చేస్తాడు. తీసేస్తే ఆ వరసవాళ్ళకు వేరే చోట స్థలం ఇస్తారు. అది ఊరు దాటి చాలా దూరంలో, కేసీ కాలువ పక్కన చేలల్లో ఉంది. అక్కడికి బస్సు లేదు. హన్నమ్మ పొద్దున చర్చికి, మధ్యాహ్నం బడికి అక్కడి నుంచి ఎట్లా వస్తుంది?

సభకు ముందు రోజు హన్నమ్మే మా ఇంటికి వచ్చింది. చీర కుచ్చిళ్ళకు సిమెంటు నీళ్ళు ఎండి తెల్లగా ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు, గడప మీదనే కూర్చుంది.

"నువ్వు అన్నావంట అక్కా. నిజమేనా?"

"నేను ప్రార్థన చేయమంటి హన్నమ్మా, అంతే. బండలు నేను అనల్యా."

ఆ మాట నా చెవికే సిగ్గుగా వినిపించింది. చిన్నపిల్ల పగిలిన గాజు చూపించి నేను కాదు అన్నట్టుగా ఉంది. హన్నమ్మ వాదించలేదు.

"నేను ఆ స్థలం వదలను. కానీ వరసే ఎత్తేస్తే నేనొక్కదాన్నే ఆడ ఎట్లుంటా? రేపు సభలో లేచి చెప్తావా అక్కా? ఎవురూ చెప్పల్యా, నాకు నేనే అనుకుంటి అని. నువ్వు మొదలుపెట్టిన మాట నువ్వు చెప్తేనే పోతాది."

"చెప్తాలే" అన్నాను.

ఆమె లేచి పోతూ వెనక్కి తిరిగింది. "గట్టిగా చెప్పు. నీ గొంతు శుక్రవారం పూట బాగనే లేస్తాది."

హైస్కూలు వరండాలో కుర్చీలు చాలక జనం మెట్ల మీద, చెట్ల కింద కూర్చున్నారు. జనార్దనం సారు సన్నటి మనిషి. బల్ల మీద తిమోతి మ్యాపు పరిచి ఉంది, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. తిమోతి బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. గోడ ఎక్కడ వస్తుందో, నీళ్ళు ఎటు మళ్ళుతాయో వాడు చెబుతుంటే వెనక నుంచి ఎవరో "ముందు మీయమ్మను అడుగప్పా" అన్నారు. జనం నవ్వారు. వాడి చెవులు ఎర్రబడటం దూరం నుంచే కనిపించింది. వాడు చెప్పడం ఆపలేదు.

ఎలిజబెత్ టీచరమ్మ లేచి, బండల సంగతి, పసిబిడ్డల సంగతి, ప్రార్థనలో చెప్పినట్టే మళ్ళీ చెప్పింది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. తను చెప్పిందాన్ని తను నమ్మేసింది.

"మీకు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాడు జనార్దనం సారు.

"సలోమమ్మ చెప్పింది సార్. ప్లానింగ్ సెక్రటరీ వాళ్ళ తల్లి."

తలలన్నీ నా వైపు తిరిగాయి. హన్నమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. చేయి పట్టి లేపలేదు, కానీ నేను లేవడానికి కొంచెం పక్కకు జరిగింది.

"ఎవరూ చెప్పలేదు సార్" అన్నాను. "మావాడు ఫోనులో మాట్లాడుతుంటే సగం విన్నాను. మిగతా సగం నేనే అనుకున్నాను. గోడ సంగతి నాకు తెలియదు. వాడికి ఏమవుతుందోనని భయపడి ప్రార్థన చేయమన్నాను. బండలు లేవు, ఇంజనీర్లు రాలేదు. నాకు ప్రతిదానికీ భయమే సార్. గ్యాసుకు భయం, లారీలకు భయం. మా వీధిలో అందరికీ తెలుసు."

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు నాకు కావలసిందే. నవ్వితే నమ్మినట్టే కదా అనుకున్నాను. అప్పుడు మెట్ల మీది నుంచి పై వరస మనిషి ఒకడు లేచాడు.

"కొడుకు ఉద్యోగం పోతాదని మాట మారుస్తాంది సార్. ఆ పొద్దు ఏడ్సింది నిజం. ఈ పొద్దు చెప్పేది కొడుకు నేర్పిచ్చింది."

అవునవును అని చాలా గొంతులు లేచాయి. నేను ఏమి చెప్పినా అది తిమోతి చెప్పించినట్టే అయింది. నిలబడలేక, కూర్చోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నా భయాన్ని ఒక్క మాటతో నమ్మినవాళ్ళు, భయం లేదంటే నమ్మడం లేదు.

జనార్దనం సారు చేయెత్తి అందరినీ ఆపాడు. నాతో మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. మీ అబ్బాయి రిపోర్టు చదివాను. గోడ కడితే అక్కడ ప్రమాదం లేదు. కానీ ఇంతమందిలో ఈ మాట పుట్టింది. ఎప్పుడో ఒక పెద్ద వానకు అక్కడ ఒక్క ఇంటి గోడ పడినా, ముందే జనం చెప్పారు కదా, ఎందుకు వినలేదని నన్నే అడుగుతారు. రేపు ఏదన్నా అయితే సంతకం పెట్టింది నేనే కదా."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆయన కళ్ళలో ఉన్నది నేను గుర్తుపట్టాను. రోజూ అద్దంలో చూసేదే. ఆయన ఇంట్లో కూడా ఎవరో ఆయన నంద్యాలకు తిరిగి చేరేదాకా గేటు వైపు చూస్తుంటారు. నేను శుక్రవారం చేసుకున్న మనవినే ఆయన ఇంగ్లీషు తేదీ వేసి ఆర్డరుగా రాయబోతున్నాడు.

పై వరస తీసేశారు. ఆ స్థలం చెట్ల కోసం ఖాళీగా ఉంచుతారట. ఆ వరసవాళ్ళందరికీ కాలువ పక్కన.

ఇంటికి వచ్చాక తిమోతి నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. అన్నం తిని, "ఉప్పు తక్కువయ్యింది మా" అని మాత్రం అన్నాడు. వాడి బల్ల మీద ఆ మ్యాపు మడిచి పెట్టి ఉంది. పై వరస మీద పెన్సిలుతో అడ్డగీతలు కొట్టి ఉన్నాయి. హన్నమ్మ గడి మీద గీత మాత్రం చాలా లేతగా ఉంది.

నేను నతానియేలును అడిగి, మా మిద్దె మీది గది హన్నమ్మకు ఇవ్వాలని నిర్ణయించుకుని చర్చి దగ్గరికి పోయాను. ఆమె బెంచీలు జరిపి ఊడుస్తోంది. బాడుగ వద్దు, ఇల్లు అయ్యేవరకు మా దగ్గరే ఉండు అన్నాను. ఆమె చీపురు ఆనించి నిలబడింది.

"నీ ఇంట్లో నాకు నిద్ర పట్టదు అక్కా. నేను దగ్గినా చాలు, నువ్వు మెట్లెక్కి వచ్చి ఊపిరి ఉందో లేదో సూస్తావు. గది బాడుగకిచ్చినోళ్ళు కొన్నాళ్ళు ఆగుతామన్నారులే. బేగా కట్టుకుని పోతా."

నవ్వుతూనే అంది. కానీ నేను ఉండగానే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. దుమ్ము నా వైపు రాకుండా పక్కకు తోసింది. ఆ జాగ్రత్త నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

శుక్రవారం కూడికకు పోకూడదనుకున్నాను. పోకపోతే దానికి ఇంకో కథ పుడుతుందేమోనని పోయాను. చేతులు లేచాయి. నాది లేవలేదు. అమ్మగారు ఆఖరున అలవాటు కొద్దీ నా వైపు తిరిగింది.

"సలోమమ్మా, నీ మనవి?"

"ఏమీ లేదమ్మగారూ."

ఎలిజబెత్ టీచరమ్మ బైబిలు అట్ట మీద లేని దుమ్ము తుడిచింది. అప్పుడు హన్నమ్మ చేయి ఎత్తింది. కాలువ దగ్గరికి ఒక బస్సు పడాలని చెప్పింది, అంతే. ఆ మనవిని ఎవరు తీసుకుంటారని అమ్మగారు అడిగింది. నేను తీసుకుంటానని చెప్పి కళ్ళు మూసుకున్నాను. నాకు ప్రార్థనలో ఎప్పుడూ మాటలు కరువు కాలేదు. ఆ రోజు "ప్రభువా, ఒక బస్సు" అనే వరకు వచ్చి ఆగిపోయాను. అమ్మగారే ఆమెన్ అంది. ఆ సాయంత్రం నతానియేలు చేత అర్జీ రాయించి, డిపో మేనేజరుకు ఇమ్మని ఇచ్చాను. అక్కడ జనం కాపురాలకు చేరితే అప్పుడు చూస్తామన్నారట.

పై వరసలో కట్టిన రాయిని ఊడదీసి తీసుకుపోవచ్చని చెప్పారు. హన్నమ్మ ట్రాక్టరు మాట్లాడుకుంది. రాళ్ళు ఎక్కించడానికి నేనూ పోయాను. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. గుట్ట మీద ఆమె గడప వచ్చేచోట ఒక నిమిషం నిలబడ్డాను. ఊరంతా కింద కనిపించింది. చర్చి గంట, బడి నీళ్ళ ట్యాంకు, డిపోలో వరసగా బస్సులు. వెనకకు తిరిగి గుట్టను చూశాను. ఎలిజబెత్ టీచరమ్మ ప్రార్థనలో దొర్లిన బండ ఒక్కటి కూడా లేదు. కంప చెట్లు, ఎండిన బోద గడ్డి, మేకల దారి. తిమోతి గోడ కోసం వేసిన సున్నం గీత ఇంకా చెరిగిపోలేదు.

ట్రాక్టరులో రాళ్ళ మీదనే కూర్చుని కాలువ దగ్గరికి వెళ్ళాం. అక్కడ నేల నల్లరేగడి. చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. హన్నమ్మ కొత్త స్థలానికి హద్దు రాళ్ళు పాతి ఉన్నాయి. నేను దిగి చీర సర్దుకుంటూ కిందికి చూశాను. స్థలం మధ్యలో ఎనుముల గిట్టల అడుగులు లోతుగా పడి, అలాగే ఎండి గట్టిపడి ఉన్నాయి. పొడి నేల మీద అలాంటి అడుగులు పడవు. ఎప్పుడో ఇక్కడ మోకాటి లోతు బురద ఉంది. కాలువ గట్టు చూస్తే ఈ నేల కంటే ఎత్తులో ఉంది.

నా తలలో వాన మొదలైంది, కాలువ పొర్లింది, హన్నమ్మ మంచం నీళ్ళలో తేలింది. నోరు తెరిచి మూసుకున్నాను. ఇది నిజమా, నా పాత జబ్బా? ఒకసారి చెప్పి ఒక ఇల్లు పడగొట్టాను. చెప్పకుండా ఇంకోటి ముంచేస్తానా? ట్రాక్టరు డ్రైవరు వింటున్నాడు. పక్క స్థలాల్లో పై వరస మనుషులే పునాదులకు ముగ్గులు పోసుకుంటున్నారు. నేను ఒక్క మాట గట్టిగా అంటే సాయంత్రానికి కాలువ తెగిపోయిందని సుబ్బలక్ష్మి అంగడికి చేరుతుంది.

హన్నమ్మ దగ్గరికి పోయి, ఆమెకు మాత్రమే వినిపించేలా మాట్లాడాను.

"ఈడ నీళ్ళు నిలుస్తాయేమో హన్నమ్మా. ఆ ఎనుముల అడుగులు సూడు. నాకు ఎవురూ చెప్పల్యా. నాకు నేనే అనుకుంటాండా. తప్పయితే తిట్టు."

ఆమె చేతిలో రాయి కింద పెట్టి, అడుగుల వైపు చూడకుండా నా వైపు చూసింది.

"తెలుసులే అక్కా. మొన్న వచ్చిన పొద్దే సూసినా. అందుకే మేస్త్రికి ఇంగో రెండు రాళ్ళ వరసలు ఎత్తు పెట్టమని చెప్పినా."

తర్వాత వంగి రాళ్ళలో పనికొచ్చేది వెతుకుతూ, కోపం లేకుండా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టుగా అంది.

"ఆ పొద్దు కూడా ఇట్లే నా దగ్గరికొచ్చి చెప్పింటే, ఆడనే ఇంగో రాళ్ళ వరస లేపుకునేదాన్ని గదా."

ఎండ వెనక నుంచి కొడుతోంది. ఊరి వైపు చూస్తే గుట్ట నీలంగా, చిన్నగా ఉంది. ఇక్కడి నుంచి చర్చి కనిపించడం లేదు.

"ఆ కొసన పట్టుకో అక్కా. ఇది ఒక్కరితో కాదు" అంది హన్నమ్మ.

పట్టుకున్నాను. రాయి బరువుగా, కాలుతూ ఉంది. జారి ఆమె కాలి మీద పడుతుందేమో అనిపించింది. ఆ మాట బయటికి అనలేదు. వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని, ఆమె అడుగు చూసుకుంటూ నా అడుగు వేశాను.